గారడీ పుస్తకం వేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పేకముక్కల ఇంద్రజాలం, హస్తలాఘవం మీద పుస్తకాలు వేయడం గురించి చెన్నై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. ఏడాదికి ఒకటి రెండు పుస్తకాలు, ఒక్కోటి ఐదారు వందల ప్రతులు వేసే చిన్న ప్రచురణకర్తను దృష్టిలో పెట్టుకుని రాసినవివి.

ప్రశ్న: నా దగ్గర పేకతో చేసే 40 ఐటెమ్‌ల నోట్సు ఉంది. డి.టి.పి. చేయించి నేరుగా ప్రెస్సుకు ఇచ్చేయవచ్చా? (పెరంబూరు)

ఇప్పుడే వద్దండీ. నోట్సులో మీకు తెలిసిన సంగతి ఉంటుంది గానీ పాఠకుడి చేతులు చేయాల్సిన పని పూర్తిగా ఉండదు. ముందు దాన్ని ముగ్గురి చేత చేయించి చూడండి. ఒకరు పేకతో రమ్మీ తప్ప మరేమీ ఎరగనివారు, ఒకరు ప్రదర్శనలిచ్చే అనుభవం ఉన్నవారు, ఇంకొకరు ఎడమచేతివాటం మనిషి అయితే మంచిది. కాగితం బల్ల మీద పెట్టి, పేక చేతికిచ్చి, మీరు నోరు మెదపకుండా కూర్చోవాలి. ఎక్కడ ఆగిపోయారో, ఏ వాక్యం రెండోసారి చదివారో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఒకే వాక్యం దగ్గర ఇద్దరు ఆగితే తప్పు వాక్యానిదే. "అంటే ఏంటంటే..." అని మీరు అందుకున్నారంటే, ఆ తర్వాత చెప్పబోయేది పుస్తకంలో రాయడం మరిచారన్నమాట.

ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసిన 21 ముక్కల ఐటెమ్‌నే తీసుకోండి. మూడు వరుసలు, వరుసకు ఏడు ముక్కలు. ప్రేక్షకుడు తలచుకున్న ముక్క ఏ వరుసలో ఉందో అడిగి, ఆ వరుసను మిగతా రెంటి మధ్య పెట్టి పోగు చేస్తాం. మూడుసార్లు ఇలా చేస్తే ఆ ముక్క పైనుంచి 11వది అవుతుంది. రాసేటప్పుడు రెండు చోట్ల జారిపోతారు. పంచేటప్పుడు మొదటి వరుసకొకటి, రెండో వరుసకొకటి, మూడో వరుసకొకటి అని తిప్పుతూ వేయాలని రాయరు. పాఠకుడు ఒక వరుసకు ఏడూ వేసేశాక రెండో వరుసకు వెళతాడు. అప్పుడు ప్రతిసారీ అవే ఏడు ముక్కలు కలిసి తిరుగుతాయి, తలచుకున్న ముక్క ఎన్నిసార్లు పంచినా బయటపడదు. రెండోది, "ఇలాగే మరో రెండుసార్లు" అని కలిపి రాసేస్తారు. కొందరు మళ్ళీ పంచుతారు తప్ప ఆ వరుసను మళ్ళీ మధ్యలోకి చేర్చరు. మూడుసార్లకూ మూడు వాక్యాలు రాయండి, కాగితం ఏమీ అరిగిపోదు.

పెద్ద ఐటెమ్‌లలో ఇదే తప్పు ఖరీదైనదవుతుంది. పేకను సరిగ్గా 26, 26గా కోసి, ఒకటి విడిచి ఒకటి దూర్చే ఫారో షఫుల్‌ను పై ముక్క పైనే, అడుగు ముక్క అడుగునే నిలిచేలా 8 సార్లు చేస్తే పేక మొదటి క్రమానికి తిరిగి వస్తుంది. పై ముక్క రెండో స్థానానికి దిగేలా చేస్తే అదే పని 52 సార్లకు గానీ కాదు. "8 సార్లు ఫారో చేయండి" అని ఊరుకుంటే, నెలల తరబడి సాధన చేసి వేళ్ళు తిరిగినవాడికి కూడా పేక కుదరదు. వాడు తన చేతుల్నే అనుమానించుకుంటాడు.

ముందే ఒక వరుసలో అమర్చిన పేక పట్టికలున్న పేజీలను రాతప్రతితో పోల్చి దిద్దితే చాలదు. ప్రూఫు ముందు పెట్టుకుని నిజం ముక్కల్ని ఆ వరుసలో పేర్చాలి. పేక అయిపోయాక చేతిలో కళావరు ఏడు మిగిలి, పట్టికలో ఆఠీను ఏడు రెండుసార్లు కనిపిస్తే తప్పు అక్కడే దొరికిపోతుంది. ఇస్పేటు, ఆఠీను గుర్తులు చాలా తెలుగు ఫాంట్లలో ఉండవు. ప్రెస్సు కంప్యూటర్‌లో ఫైలు తెరిచేసరికి అవి వేరే అక్షరాలుగా మారిపోతాయి. ఫాంట్లు ఫైలులోనే కలిపేసిన (ఎంబెడ్ చేసిన) పి.డి.ఎఫ్. మాత్రమే ఇవ్వండి.

ఇక 40 ఐటెమ్‌లు ఎక్కువ. పదిహేను ఏరుకోండి. మిగతావి రెండో భాగానికి పనికొస్తాయి, లేదా వేయనక్కర్లేదని మీకే తెలిసొస్తుంది.

ప్రశ్న: బొమ్మలు గీయించడం ఖర్చు. మొబైల్‌తో ఫోటోలు తీసి వేస్తే సరిపోదా? (టి.నగర్)

సరిపోదు. నలుపు తెలుపు ఆఫ్‌సెట్‌లో, మ్యాప్‌లిథో అనే మామూలు పుస్తకాల కాగితం మీద వేళ్ళూ ముక్కల అంచులూ నీడలూ కలిసిపోయి బూడిదరంగు మచ్చవుతాయి. ఏ వేలు ఏ ముక్క కింద ఉందన్నదే ఇక్కడ అసలు విషయం. ఆ ఒక్కటీ ఫోటోలో కనిపించదు. గీత బొమ్మలో చొక్కా మడతలు, ఉంగరం, బల్ల అన్నీ వదిలేసి కావలసిన గీతే ఉంచవచ్చు. ముక్క వెనక దాగిన వేలిని చుక్కల గీతతో చూపవచ్చు. కదలిక ఎటో బాణం వేయవచ్చు.

అయితే ఫోటోలు తీయాల్సిందే, ఆర్టిస్టు కోసం. కిటికీవైపు నుంచి వెలుగు పడేలా కూర్చుని, ప్రతి దశకూ ఒకటి తీసి, దాని మీద ట్రేస్ చేయించండి. ఆర్టిస్టుకు పేక పట్టడం రాకపోతే ఊహించి గీస్తారు. ఊహించిన చేతికి సాధారణంగా బొటనవేలు తప్పుడు చోట ఉంటుంది. సెల్ఫీ కెమెరాతో తీయకండి. చాలా ఫోన్లు ఆ బొమ్మను అద్దంలోలా తిప్పేస్తాయి, ఎడమ చెయ్యి కుడి అవుతుంది. పట్టుకోవడం సులువే: ముక్క మూలన ఉండే అంకె, గుర్తు ఎడమవైపు పైమూలన కాకుండా కుడివైపు పైమూలన కనిపిస్తే అది తిరగబడ్డ ఫోటో.

చూసే కోణం ముందే తేల్చుకోండి. నేర్చుకునేవాడికి తన చేతులు తనకెలా కనిపిస్తాయో ఆ కోణం, అంటే చేసేవాడి ఎడమ భుజం మీదుగా చూసినట్టు, అనువుగా ఉంటుంది. ప్రేక్షకుడి వైపు నుంచి కొన్ని బొమ్మలు తప్పనిసరి. రహస్యం ఎటునుంచి బయటపడుతుందో అవే చెబుతాయి. రెండూ కలిపేటప్పుడు ప్రతి బొమ్మ కింద "చేసేవారి వైపు", "చూసేవారి వైపు" అని రాయాలి. రాయకపోతే పాఠకుడు కుడిఎడమలు తారుమారు చేసుకుంటాడు.

కొలతలు: అచ్చులో 6 సెం.మీ. వెడల్పు కావాలంటే 9 సెం.మీ.కు గీయించండి. కుదించినప్పుడు చేతి వణుకు కూడా చిన్నదవుతుంది. కుదించాక గీత మందం అర పాయింటుకు తగ్గకూడదు, తగ్గితే అక్కడక్కడా తెగిపోతుంది. స్కానింగ్ 1200 డి.పి.ఐ.తో, పూర్తి నలుపు తెలుపు బిట్‌మ్యాప్‌గా చేయించండి. గ్రేగా, జె.పి.జి.గా సేవ్ చేస్తే ప్రెస్సులో గీతలన్నీ చుక్కలుగా విడిపోయి రంపపు అంచులా కనిపిస్తాయి. ప్రూఫులో బాగానే ఉందనిపిస్తుంది, ఎందుకంటే ఆఫీసు లేజర్ ప్రింటరు ఆ తేడాను దాచేస్తుంది.

బొమ్మ, దాని వచనం ఎదురెదురు పేజీల్లోనే పడాలి. రెండు చేతుల్లో పేక పెట్టుకున్నవాడు పేజీ ఎలా తిప్పుతాడు? ఈ ఒక్క నియమం కోసం కొన్ని చోట్ల ఖాళీ వదలాల్సి వచ్చినా వదలండి.

వచనం కూడా బొమ్మ అంత నిక్కచ్చిగా ఉండాలి. "పై రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తి చూపండి" అంటే ఎవరికీ రాదు. "ఎడమ చేతి చిటికెన వేలి కొస కండను రెండో ముక్క కింద, కుడివైపు వెనక మూల దగ్గర ఆనించండి. సందు 2 మి.మీ. దాటకూడదు. దాటితే మీ కుడిపక్క కూర్చున్నవారికి పేక నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. బొమ్మ 14 చూడండి" అని రాస్తే ఏం చేయాలో, ఎంత చేయాలో, తప్పితే ఏమవుతుందో మూడూ వచ్చాయి. పుస్తకమంతా ఇలా రాస్తే పొడుగవుతుంది కదా అంటే, అవుతుంది. పదిహేను ఐటెమ్‌లు చాలని అందుకే అన్నాం.

ప్రశ్న: బొమ్మల్లో సైకిల్ బ్రాండు పేక వెనకభాగం ఉన్నదున్నట్టు గీయించవచ్చా? (అంబత్తూరు)

వద్దు. రాజు, రాణి, జాకీల మామూలు బొమ్మలు ఎవరి సొత్తూ కాదు. కంపెనీల వెనకభాగం డిజైన్లు, ప్రత్యేకమైన ఇస్పేటు ఆసు అలా కాదు, వాటికి ట్రేడ్‌మార్కు చిక్కులున్నాయి. పైగా అంత వివరం 6 సెం.మీ. బొమ్మలో ముద్దగా అచ్చవుతుంది. వెనకభాగానికి అంచు గీత, లోపల పలచని అడ్డగీతలు చాలు. ముక్కల సైజు మాత్రం పుస్తకం మొదట్లోనే చెప్పండి. పోకర్ సైజు 63 మి.మీ. వెడల్పు, బ్రిడ్జి సైజు 57. అరచేతిలో దాచే ఐటెమ్ ఒకదాంట్లో కుదిరి మరోదాంట్లో కుదరకపోవచ్చు. పూర్తి ప్లాస్టిక్ ముక్కలు జారతాయి, ఫారోకు అంచులు సరిగా దూరవు. కాగితం ముక్కలు చెన్నై ఉక్కపోతకు ఉబ్బుతాయి. రెండూ ఒక పేరాలో రాసేయండి.

ప్రశ్న: ఇంగ్లీషు పేర్లన్నిటికీ తెలుగు మాటలు కల్పించాలా? (విల్లివాక్కం)

కల్పించకండి. పేక కలపడం, కోయడం, పంచడం, అడుగు ముక్క, బొమ్మ ముక్క ఇవన్నీ ఇంట్లో ఉన్న మాటలే. ఫారో, డబుల్ లిఫ్ట్ (రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తడం), పామ్ (అరచేతిలో దాచడం) లాంటివాటిని అలాగే ఉంచండి. నేర్చుకునేవాడు రేపు మరో ఇంద్రజాలికుడితో మాట్లాడాలి కదా. మొదటి పేజీలో ఒక పేక బొమ్మ వేసి అంచులకు, మూలలకు, వేళ్ళకు పేర్లు పెట్టండి. ఆపైన చివరిదాకా అవే పేర్లు. ఒకచోట "ముందు అంచు", ఇంకోచోట "చిన్న అంచు" అంటే పాఠకుడు రెండూ వేరనుకుంటాడు.

ప్రశ్న: సైజు, కాగితం, బైండింగ్ విషయంలో మీ సలహా? (మైలాపూరు, తిరువొత్తియూరు)

క్రౌన్ 1/4 సైజు వేయండి. అంతకన్నా చిన్నదైన డెమ్మీ 1/8 నవలకు బాగుంటుంది. ఇక్కడ బొమ్మ పక్కన వచనం పడాలంటే వెడల్పు కావాలి.

కాగితం 80 జి.ఎస్.ఎం.కు (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) తగ్గకండి, మరీ పాలతెలుపు కాకుండా నేచురల్ షేడ్ తీసుకోండి. పలచని కాగితం మీద వెనక పేజీలోని నల్లటి గీతలు ఇవతలికి కనిపిస్తాయి, చుక్కల గీతతో చూపిన వేలు ఆ గజిబిజిలో కలిసిపోతుంది. ప్యారీస్ కార్నర్ దగ్గర అండర్సన్ వీధి కొట్లలో ఒకే జి.ఎస్.ఎం.లో రెండు మూడు మిల్లుల కాగితం చూపిస్తారు. అచ్చేసిన పేజీ మీద ఒక్కో షీటు పరచి, అక్షరాలు ఎంత కనబడుతున్నాయో పోల్చుకుంటే చాలు.

పేజీల లెక్క 16 పేజీల ఫారాల్లో (ఒకే షీటు మీద అచ్చై మడతపడే కట్టల్లో) వేసుకోండి. 160 పేజీలంటే పది ఫారాలు. వచనం 163కు పోతే పదకొండో ఫారం డబ్బు కట్టాలి. మూడు పేజీలు తగ్గించడమో, ఇంకో ఐటెమ్ చేర్చి ఫారం నింపడమో మీ ఇష్టం.

బైండింగ్ దగ్గర మాత్రం బేరమాడకండి. ఈ పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే తెరిచే ఉండాలి. వెన్నుకు జిగురు పూసి అతికించే పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకం దానంతటదే మూసుకుంటుంది. పాఠకుడు మోచేత్తో అదిమితే వెన్ను విరుగుతుంది, నెలకల్లా పేజీలు చేతికొస్తాయి. మామూలు వేడి జిగురు పాతబడే కొద్దీ పెళుసెక్కుతుంది. ఫారాలను దారంతో కుట్టే సెక్షన్ కుట్టు చెప్పండి, అది కుదరకపోతే కనీసం పి.యు.ఆర్. (పాలీయురేథేన్) జిగురు. కాగితం గ్రెయిన్ (కాగితంలోని నార సాగే దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండాలని ఆర్డరులోనే రాయించండి. అడ్డంగా ఉంటే పేజీలు బిగుసుకుని నిలబడతాయి, గాలిలో తేమకు వెన్ను దగ్గర అలలు తిరుగుతాయి. గ్రెయిన్ ఎటో తెలియాలంటే షీటును రెండు వైపులా మడిచి చూడండి. నున్నగా మడత పడిన వైపే గ్రెయిన్.

కవరుకు 300 జి.ఎస్.ఎం. ఆర్ట్ కార్డు. మ్యాట్ లామినేషన్ చేయిస్తే వానాకాలంలో కవరు బయటికి చుట్టుకుపోతుంది. లామినేషన్ లేని లోపలివైపు తేమ పీల్చి సాగుతుంది, బయటివైపు ప్లాస్టిక్ పొర సాగదు. అదీ కారణం. కవరులోనూ గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉంటే కొంత తగ్గుతుంది. అసలు మందు వేరే ఉంది. చెన్నై పుస్తకాల సంత పొంగల్ రోజుల్లో కదా అని చాలామంది నవంబరు, డిసెంబరుల్లో అచ్చుకు దిగుతారు. అది ఇక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం, పైగా శివకాశి ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీల పనిలో తలమునకలై ఉంటాయి. సెప్టెంబరుకల్లా పుస్తకం బైండింగ్ నుంచి బయటికి వచ్చేయాలి.

డి.టి.పి. ఆపరేటరు పాత అను ఫాంట్లలో చేస్తారా, యూనికోడ్‌లో చేస్తారా అని ముందే అడగండి. మధ్యలో మారిస్తే ఒత్తులు చెదురుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు సరిగా రావాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోవాలి. 12 పాయింట్ల అక్షరానికి వరుసల మధ్య 17, 18 పాయింట్లు ఇవ్వండి. తక్కువైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ప్రశ్న: ఎన్ని ప్రతులు? వెయ్యి వేస్తే రేటు బాగా తగ్గుతుందని ప్రెస్సువారు చెబుతున్నారు. (అంబత్తూరు)

నిజమే చెబుతున్నారు, అయినా వినకండి. లెక్క తేలిక కోసం ఇలా అనుకుందాం. బొమ్మలు, డి.టి.పి., ప్లేట్లు కలిపి 90,000 రూపాయలు, ఆపైన ప్రతి కాపీకి 110. అయిదొందలకు మొత్తం 1,45,000, అంటే కాపీ 290. వెయ్యికి 2,00,000, కాపీ 200. కాపీకి 90 తగ్గింది. కానీ అమ్ముడుపోయేవి 400 అనుకుని, కాపీకి మీ చేతికి 400 వచ్చిందనుకోండి. వచ్చేది 1,60,000. అయిదొందలు వేస్తే 15,000 మిగిలింది. వెయ్యి వేస్తే 40,000 పోయింది, 600 కాపీలు మంచం కింద ఉన్నాయి. పేకముక్కల పుస్తకం కొనేవారు తెలుగులో కొద్దిమందే, కానీ వారు పదేళ్ళ తర్వాత కూడా అడుగుతారు. 500 వేసి ప్లేట్ల ఫైళ్ళు భద్రపరచుకోండి. అయిపోయాక వంద వంద డిజిటల్‌లో వేసుకోవచ్చు.

కొట్లకు ఇస్తే ధరలో 40 శాతం వరకు కమిషన్‌కు పోతుంది. ఇంద్రజాలికుల సమావేశాల్లో, తపాలాలో నేరుగా అమ్మేదే మీకు నిలుస్తుంది.

ప్రశ్న: పాత ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేయవచ్చా? వేరేవారి ఐటెమ్ మన మాటల్లో రాస్తే కేసు అవుతుందా? (షావుకారుపేట)

1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే చివర పోయినవారి నుంచి లెక్క. అనువాదం కూడా ఆ హక్కులో భాగమే. మారుపేరుతో వచ్చి రచయిత ఎవరో తేలని పుస్తకానికి ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ పేరుతో 1902లో వచ్చిన 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్' ఇలాంటిదే. ఆ పేరు వెనక ఎవరున్నారన్నది ఇప్పటికీ వాదనే, పుస్తకం మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. కానీ కొత్త ముద్రణల్లో చేర్చిన వ్యాఖ్యలు, బొమ్మలు వేరే. వాటి హక్కు వాటిది. బొమ్మలు మీరే గీయించుకోండి.

ఇక ఐటెమ్ సంగతి. చట్టం రాసిన మాటల్ని, గీసిన బొమ్మల్ని కాపాడుతుంది, చేసే పద్ధతిని కాదు. మీ మాటల్లో, మీ బొమ్మలతో రాస్తే కాపీరైటు కేసు నిలవదు. అంతమాత్రాన వేసేయమని కాదు. బతికి ఉన్నవారు అమ్ముకుంటున్న ఐటెమ్‌నో, ప్రచురించనిదాన్నో అడగకుండా వేస్తే ఇంద్రజాలికులు మీ రెండో పుస్తకం ముట్టరు. ఉన్న నాలుగొందల కొనుగోలుదారులు వారే. ప్రతి ఐటెమ్ చివర ఎవరిది, ఎక్కడ మొదట అచ్చయింది అన్నది రెండు వాక్యాల్లో ఇవ్వండి.

ప్రశ్న: రచయితతో ఒప్పందం నోటిమాటగా సరిపోదా? (పెరంబూరు)

హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి, సంతకంతో. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళుగా తీసుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఒప్పందం చేసుకుని ఏడాదిలో పుస్తకం వేయకపోతే, వేరే గడువు రాసుకోనట్లయితే, హక్కు జారిపోతుంది. బొమ్మల ఆర్టిస్టుతో కూడా ఒక కాగితం రాసుకోండి. దీన్ని అందరూ మరిచిపోతారు.

ప్రశ్న: ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకం గుర్తింపు నంబరు) తప్పనిసరా? (విల్లివాక్కం)

తప్పనిసరి కాదు, కానీ ఉచితంగా ఇస్తారు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఈ-బుక్‌కు వేరే నంబరు. తప్పనిసరి అయినది ఇంకొకటుంది. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు మీ ఖర్చుతో ఒక్కో ప్రతి పంపాలి. ఆ మూడింటిలో ఒకటి మన ఎగ్మూరు కన్నెమరా. అక్కడికి స్వయంగా వెళ్ళి ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.

ప్రశ్న: పుస్తకంతో పాటు మార్పులు చేసిన ముక్కలు కూడా పెట్టెలో పెట్టి అమ్మితే? (టి.నగర్)

అచ్చు పుస్తకం మీద జి.ఎస్.టి. లేదు. పేకముక్కల మీద ఉంది. రెండూ ఒకే పెట్టెలో, ఒకే ధరకు అమ్మితే మిశ్రమ సరఫరా అయి, మొత్తం ధర మీద ఎక్కువ రేటు పడుతుంది. ముక్కలకు వేరే ధర, బిల్లులో వేరే వరుస పెట్టండి. కవరు లోపల ముక్కల జేబు అతికించే ఆలోచన కూడా మానండి. దొంతర ఒత్తిడికి ముందు పేజీల మీద ముక్కల ఆకారం అచ్చుపడుతుంది.

ప్రశ్న: వీడియో కోసం క్యూ.ఆర్. కోడ్ వేయవచ్చా? పి.డి.ఎఫ్. దొంగతనం మాటేమిటి? (మైలాపూరు)

వేయండి, కానీ వీడియో లింకును నేరుగా కోడ్‌లో పెట్టకండి. మీ సొంత వెబ్ చిరునామా పెట్టి అక్కణ్ణుంచి మళ్ళించండి. వీడియో చోటు మారినా అచ్చయిన కోడ్ చెల్లుతుంది. బొమ్మలు తగ్గించడానికి వీడియోను సాకు చేసుకోకండి. పి.డి.ఎఫ్. విషయంలో ఎవరికీ, సమీక్షకులకు కూడా, ఫైలు పంపకండి, అచ్చు ప్రతే ఇవ్వండి. అంతకు మించిన కాపలా ఖర్చుకు తగదు.

ప్రశ్న: తపాలాలో పంపడం ఎలా? మూలలు నలిగి వస్తున్నాయని కొన్నవారు తిప్పి పంపుతున్నారు. (తిరువొత్తియూరు)

2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. నేలమార్గంలో వెళుతుంది, ట్రాకింగ్ ఉంటుంది. 80 జి.ఎస్.ఎం. మీద 160 పేజీల క్రౌన్ 1/4 పుస్తకం అటూ ఇటూగా 300 గ్రాములు తూగుతుంది. కాబట్టి ప్యాకింగుతో పై స్లాబులో పడుతుంది, పుస్తకం ధర పెట్టేటప్పుడే ఆ తేడా కలుపుకోండి. ఎలాగూ పై స్లాబే కనుక ప్యాకింగులో పిసినారితనం అక్కర్లేదు. ముందు పాలిథీన్ కవరు, తర్వాత పుస్తకం కన్నా అన్ని వైపులా 1 సెం.మీ. పెద్దదైన రెండు ముడతల అట్టలు, వాటి మధ్య పుస్తకం కదలకుండా టేపు, పైన గుడ్డ అతికించిన కవరు. అట్ట పుస్తకం సైజుకే కోస్తే దెబ్బ నేరుగా పుస్తకం మూలకే తగులుతుంది. మీకు తిరిగొచ్చినవాటిలో చాలావరకు ఇదే జరిగి ఉంటుంది.